ఏరు పైన, ఊరు కింద

చిట్టితల్లీ,

ఈ ఉత్తరం తమ్ముడికి కూడా చదివి వినిపించు.

మొన్న మీ నాన్న ఫోన్ నీ చేతికి ఇవ్వగానే హలో అయినా అనకుండా అడిగేశావు: "తాతయ్యా, మేం కింద కూర్చుని బెన్యేలు (పంచదార చల్లిన వేపుడు రొట్టెలు) తింటుంటే ఓడ మా కంటే పైనుంచి పోయింది. నది కదా కింద ఉండాలి?" మీ నాన్న పక్కనుంచి "సీ లెవెల్" అని ఏదో మొదలుపెట్టి దగ్గులోకి దిగాడు.

హ్యూస్టన్ నుంచి న్యూ ఆర్లీన్స్ దాకా 350 మైళ్లు కారులో పోయారు. వీధి మలుపుల్లో బాకాలు ఊదేవాళ్లు, చెట్ల కొమ్మలకు చిక్కుకున్న మార్డిగ్రా పండగ పూసలు, 1835లో మొదలై ఇంకా తిరుగుతున్న ట్రాము లైను, మనలాగే చికోరీ కలిపిన కాఫీ. ఇన్ని ఉండగా నీ కన్ను ఓడ ఎత్తు మీద పడిందంటే నువ్వు ఏటిగట్టు వాళ్ల పిల్లవే.

నా చిన్నప్పుడు సంక్రాంతి ముందు కళ్లంలో ధాన్యం తూర్పారబట్టేవారు. మా తాత ముక్కాలిపీట ఎక్కి, చేట నెత్తి మీదికెత్తి, మెల్లగా వంచేవారు. గాలి లేకపోతే చుట్ట వెలిగించుకుని కూర్చునేవారు, గాలిని తొందరపెట్టేవారు కాదు. గాలి వచ్చిందా, గట్టి గింజలు పీట పక్కనే రాలేవి. సగం పాలుపోసుకున్నవి కాస్త అవతల పడేవి. తాలు, పొట్టు, దుమ్ము దూరంగా పోయి నా నెత్తిన పడేవి. రాత్రంతా ఒకటే దురద, అమ్మ కొబ్బరినూనె రాసేది.

నువ్వు ఓడను చూసిన ఆ ఏరు, మిసిసిపీ, చేసే పని అదే. వరదలో నీళ్లు జోరుగా పోతూ ఇసుకనూ బురదనూ మోసుకొస్తాయి. ఒడ్డు పొర్లగానే జోరు తగ్గుతుంది. బరువైన ఇసుక ఒడ్డునే రాలిపోతుంది. మెత్తటి బురద అవతలికి పోతుంది, మరీ సన్నని ఒండ్రు దూరాన చిత్తడిలోకి చేరుతుంది. వేల ఏళ్లు ఇలా తూర్పారబడితే ఏటి ఒడ్డే ఎత్తవుతుంది, ఏటికి దూరంగా పోయేకొద్దీ నేల పల్లమవుతుంది. నీ కాలి కింద ఉన్న ఇసుక ఏ కొండ మీంచి బయల్దేరిందో, ఎన్ని వరదలు ఎక్కి దిగిందో తలుచుకుంటే నాకు మాట రాదు.

1718లో ఫ్రెంచివాళ్లు వచ్చి ఊరు కట్టింది గింజల కుప్ప మీద, అంటే ఏటి ఒడ్డున ఎత్తు మీద. మీరు తిరిగిన ఫ్రెంచ్ క్వార్టర్ అదే. వెనక పాంచర్‌ట్రైన్ సరస్సు వైపు ఉన్నదంతా తాలు, అంటే చిత్తడి అడవి. దాదాపు రెండు వందల ఏళ్లు అటు పెద్దగా ఇళ్లు లేవలేదు. తర్వాత ఆల్బర్ట్ బాల్డ్విన్ వుడ్ అనే ఇంజనీరు 1913లో భారీ స్క్రూ పంపు కనిపెట్టాడు. చిత్తడి నీళ్లు తోడేశారు, ఆరిన నేల మీద కాలనీలు వేశారు.

ఇక్కడ మళ్లీ కళ్లంలోకి రా. గింజల కుప్ప మీద దూకితే మా తాత చేట తిరగేసి కొట్టేవారు. అందుకని మేం పొట్టు కుప్ప మీద దూకేవాళ్లం. నడుం దాకా దిగిపోయేవాళ్లం, సాయంత్రానికి కుప్ప అణిగి చాపలా అయ్యేది. చిత్తడి నేల కూడా అంతే. అందులో సగం నీళ్లు, మిగతాది కుళ్లిన ఆకులూ వేళ్లూ. నీళ్లు లాగేస్తే కుంగుతుంది, గాలి తగిలితే ఆ ఆకులూ వేళ్లూ ఇంకా చివికిపోతాయి. అలా కుంగి కుంగి ఇప్పుడు ఊళ్లో సగం దాకా సముద్రమట్టం కంటే కిందికి దిగింది. అక్కడ వాన పడితే నీళ్లు వాటంతట అవి ఎటూ పోవు. పంపులు ఎత్తిపోయాల్సిందే.

నువ్వు కూర్చున్న చోటు గింజల కుప్పేగా, మరి ఓడ పైన ఎందుకుందంటావు. మీరు వెళ్లింది వసంతంలో. 31 రాష్ట్రాల వాన నీరూ కరిగిన మంచూ ఆ ఒక్క ఏటిలోకే దిగే కాలం. రెండు పక్కలా గట్టు పోశారు కాబట్టి ఏరు పక్కకు పొర్లలేక పైకి లేస్తుంది. మన గోదారికి ఆ కాలం శ్రావణం. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులు, మొదటి ప్రమాద హెచ్చరిక అని టీవీలో రాగానే మీ నానమ్మ బియ్యం డబ్బా అటక ఎక్కించమంటుంది. మా రోజుల్లో వరదొస్తే మగవాళ్లు పెట్రోమాక్స్ లైట్లు పట్టుకుని రాత్రంతా గట్టు మీద తిరిగేవారు. పీత బొక్క ఒక్కటి కనబడితే చాలు, మట్టి కూరి తొక్కేవారు. గట్టు ఉంది కదా అని పడుకోకూడదు తల్లీ, పరీక్షలకైనా అంతే.

2005 ఆగస్టు 29న కత్రినా తుపాను వచ్చినప్పుడు మిసిసిపీ గట్టు నిలబడింది. మురుగు తోడి సరస్సులోకి పంపడానికి తవ్విన కాలువల్లోకి సరస్సు నీరే ఎదురెక్కి, వాటి గోడలు తెగాయి. నూటికి 80 వంతుల ఊరు మునిగింది. ఫ్రెంచ్ క్వార్టర్ చాలావరకు మునగలేదు. ఏటికి దగ్గరున్నవాళ్లు పొడిగా ఉన్నారు, దూరంగా కట్టుకున్నవాళ్లు ఇంటి కప్పులు ఎక్కారు. వాళ్లలో చాలామంది చవగ్గా దొరికిన పల్లంలో ఇల్లు కట్టుకున్న బీదవాళ్లు.

మళ్లీ వెళ్తే, వాన పడుతున్నప్పుడు వీధిలో నిలబడి నీళ్లు ఏటి వైపు పోతున్నాయా, ఏటికి వీపు తిప్పి పోతున్నాయా చూడు. వేసవిలో ఇక్కడికి వచ్చినప్పుడు మన గట్టెక్కి ఇళ్లూ కొబ్బరితోటలూ ఎక్కడున్నాయో, వరిచేలు ఎక్కడ మొదలవుతాయో నువ్వే కనిపెట్టి చెప్పు. మీ నాన్నను అడక్కు, ఫోన్‌లో వెతుకుతాడు.

ఆశీస్సులతో,
తాతయ్య