పదకొండేళ్ల పరీక్ష, సిరిల్ బర్ట్ లెక్కలు

ఇంగ్లండులో పదకొండేళ్ల పిల్లలకు పరీక్ష పెట్టి, నెగ్గినవారిని పైచదువులకు సిద్ధంచేసే గ్రామర్ స్కూళ్లకు, తక్కినవారిని వేరే బడులకు పంపే పద్ధతి మీద చర్చ వచ్చినప్పుడల్లా విద్యా మనోవిజ్ఞానవేత్త సిరిల్ బర్ట్ పేరు వినిపిస్తుంది. కవలలపై ఆయన ప్రకటించిన లెక్కలే నమ్మదగినవి కానప్పుడు, ఆ పద్ధతి మొత్తం అబద్ధపు పునాది మీద లేచినట్టే కదా అని చాలామంది వాదిస్తారు. ఆ వాదన వెనకున్న బాధ న్యాయమైనదే. కానీ తేదీలను వరసగా పెట్టి చూస్తే కథ అంత సూటిగా లేదు.

బర్ట్ 1883లో లండన్‌లో ఒక వైద్యుడి ఇంట పుట్టారు. కుటుంబం వార్విక్‌షైర్‌లోని స్నిటర్‌ఫీల్డ్ అనే పల్లెకు మారాక, తండ్రి వైద్యం చేసే ఇళ్లలో గాల్టన్‌ల ఇల్లు కూడా ఉండేది. ప్రతిభ వంశంలోనే వస్తుందని వాదించి, యూజెనిక్స్ (ఎంపిక చేసిన సంతానం ద్వారా మానవజాతిని మెరుగుపరచాలన్న వాదం) అన్న మాటను పుట్టించిన ఫ్రాన్సిస్ గాల్టన్ గురించి బర్ట్ అలా చిన్ననాడే విన్నారు. ఆక్స్‌ఫర్డ్‌లో గ్రీకు, లాటిన్ చదువుతూ విలియం మెక్‌డూగల్ దగ్గర మనోవిజ్ఞానం నేర్చుకున్నారు. లివర్‌పూల్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తూ 1909లో తొలి ముఖ్య వ్యాసం ప్రచురించారు. అందులో ఆయన పరీక్షించినది ఆక్స్‌ఫర్డ్‌లోని రెండు బడుల పిల్లలను, అంటే సామాన్య కుటుంబాల బాలురు 30 మందిని, పెద్దింటి బాలురు 13 మందిని. అంత చిన్న గుంపులను పోల్చి, ప్రజ్ఞ చాలావరకు పుట్టుకతో వచ్చేదేనని తేల్చారు. 1971లో తన 88వ ఏట కన్నుమూసేదాకా ఆ మాట మీదే ఉన్నారు.

1913లో లండన్ కౌంటీ కౌన్సిల్ ఆయనను మనోవిజ్ఞానవేత్తగా నియమించింది. బ్రిటన్‌లో అలాంటి ప్రభుత్వోద్యోగం అదే మొదటిది. ఒక పిల్లవాడిని మామూలు బడి నుంచి తీసి ప్రత్యేక పాఠశాలకు పంపాలా వద్దా అన్నది అంతవరకు ప్రధానంగా వైద్యాధికారి చేతిలో ఉండేది. బర్ట్ ఆ నిర్ణయానికి కొలతను తెచ్చారు. చదవడం, లెక్కలు, తర్కం ఏ వయసులో ఎంత రావాలో లండన్ పిల్లలందరికీ వర్తించేలా పరీక్షలు తయారుచేసి, 1921లో పుస్తకంగా అచ్చువేశారు. బాల నేరస్థులపై 1925లో, చదువులో వెనకబడిన పిల్లలపై 1937లో ఆయన రాసిన గ్రంథాలు ఇప్పటికీ విలువైనవే. నేరానికి ఒకే కారణం ఉండదని, పేదరికం, ఇంటి క్రమశిక్షణ, ఆరోగ్యం, స్వభావం అన్నీ కలిసి ఒక పిల్లవాడిని ఆ దారి పట్టిస్తాయని ఆయన ఓపికగా చూపించారు. పిల్లల కష్టాన్ని అంత దగ్గరగా చూసినవాడు ప్రజ్ఞ విషయంలో మాత్రం పరిసరాల పాత్రను అంతగా తగ్గించి చూడటం నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది.

యుద్ధాల మధ్య కాలంలో విద్యా సంస్కరణల మీద కూర్చున్న కమిటీలు ఆయన సలహా తీసుకున్నాయి. పిల్లవాడి బుద్ధి చివరికి ఎంతవరకు పెరుగుతుందో చిన్న వయసులోనే చాలావరకు చెప్పవచ్చని 1938 నాటి స్పెన్స్ నివేదిక అన్నప్పుడు, ఆ మాట వెనక ఆయనలాంటివారి ఆలోచనే ఉంది. అయితే పిల్లల్లో మూడు రకాల మనసులు ఉంటాయని, వాటికి తగ్గట్టు మూడు రకాల బడులు కావాలని 1943లో నార్వుడ్ నివేదిక చెబితే, దానికి ఆధారం లేదని విమర్శించినవారిలో బర్ట్ కూడా ఉన్నారు. 1944 విద్యా చట్టం మాధ్యమిక విద్యను అందరికీ ఉచితం చేసింది తప్ప ఈ పరీక్షను శాసించలేదు. దాన్ని అమలు చేసినది స్థానిక విద్యాధికారులు. గ్రామర్ స్కూళ్లలో సీట్లు జిల్లాకొక తీరుగా ఉండటంతో, ఒకచోట నెగ్గే పిల్లవాడు మరోచోట ఓడిపోయేవాడు. కొన్నిచోట్ల అబ్బాయిలకన్నా అమ్మాయిలు ఎక్కువ మార్కులు తెచ్చుకుంటే తప్ప సీటు దక్కేది కాదు.

ఇక్కడే తేదీలు ముఖ్యం. అనువంశికత, పరిసరాలు అన్న పాఠం చదివిన మన ఉపాధ్యాయులకు కవలల అధ్యయనాలు తెలిసినవే. పుట్టగానే విడిపోయి వేర్వేరు ఇళ్లలో పెరిగిన సమరూప కవలల ప్రజ్ఞ ఒకేలా ఉంటే, పోలికకు కారణం పెంపకం కాదు, పుట్టుకే అన్నది వాటి తర్కం. అలాంటి కవలలపై బర్ట్ ప్రధాన వ్యాసాలు 1955, 1958, 1966లలో వచ్చాయి, అంటే పదకొండేళ్ల పరీక్ష స్థిరపడిన తర్వాతే. 1965లో లేబర్ ప్రభుత్వం అన్ని రకాల పిల్లలూ కలిసి చదివే బడులవైపు మళ్లమని స్థానిక సంస్థలను కోరిన కాలంలో, ఆ లెక్కలు పాత పద్ధతికి ఊతమయ్యాయి. 1969లో అమెరికాలో మనోవిజ్ఞానవేత్త ఆర్థర్ జెన్సెన్, ప్రజ్ఞ చాలావరకు వంశపారంపర్యమేనన్న తన వాదనకు వాటిపైనే ఎక్కువగా ఆధారపడ్డారు.

ప్రిన్స్‌టన్‌లో మనోవిజ్ఞానవేత్త లియాన్ కామిన్ ఆ వ్యాసాలను పక్కపక్కన పెట్టి చదివారు. విడిగా పెరిగిన కవలల సహసంబంధ గుణకం (జంటలోని ఇద్దరి ప్రజ్ఞ ఎంత దగ్గరగా ఉందో చెప్పే అంకె, పూర్తిగా కలిస్తే 1) 1955లో 21 జంటలకు 0.771. 1958లో ముప్పైకి పైగా జంటలకు 0.771. 1966లో 53 జంటలకు కూడా 0.771. కొత్త జంట ఒక్కటి చేరినా మూడో దశాంశ స్థానం కదలడం సహజం. జంటలు రెట్టింపుకు మించినా అది చెక్కుచెదరలేదు. గణాంకాలు తెలిసిన ఎవరికైనా కనిపించవలసిన ఈ సంగతి ఇన్నేళ్లు కనిపించకపోవడానికి కారణం బర్ట్ హోదాయేనని నా అభిప్రాయం. యూనివర్సిటీ కాలేజీ లండన్‌లో ఆచార్యుడు, 1946లో నైట్ బిరుదు పొందినవాడు, గణాంక మనోవిజ్ఞాన పత్రికకు స్వయంగా సంపాదకుడు. అలాంటివాడి పట్టికను సరిచూసేవారు లేకపోయారు.

1976 అక్టోబరులో పాత్రికేయుడు ఆలివర్ గిల్లీ సండే టైమ్స్‌లో మోసమని బహిరంగంగా రాశారు. బర్ట్ తన సహాయకులుగా చెప్పిన మార్గరెట్ హోవార్డ్, జేన్ కాన్వే జాడ ఆయనకు దొరకలేదు. బర్ట్ స్మారక సభలో ప్రశంసా ప్రసంగం చేసిన మనోవిజ్ఞానవేత్త లెస్లీ హెర్న్‌షా, ఆయన జీవితచరిత్ర రాయడానికి పూనుకుని డైరీలు చదివాక, 1979లో బరువెక్కిన మనసుతో అదే నిర్ణయానికి వచ్చారు. 1950 తర్వాత కవలల సమాచారం సేకరించిన ఆనవాలు ఆ డైరీల్లో లేదు. మరుసటి ఏడాది బ్రిటన్ మనోవిజ్ఞానవేత్తల సంఘమైన బ్రిటిష్ సైకలాజికల్ సొసైటీ ఆ తీర్పును ఆమోదించింది. ఆ తర్వాత పరిశోధకులు రాబర్ట్ జాయిన్సన్, రొనాల్డ్ ఫ్లెచర్ బర్ట్ తరఫున వాదిస్తూ, నిర్లక్ష్యాన్ని మోసంగా చూపారని, హోవార్డ్ నిజంగా ఉన్న వ్యక్తేనని అన్నారు. 1992లో సొసైటీ తన పాత తీర్పు నుంచి వెనక్కి తగ్గింది. బర్ట్ మరణించిన కొద్దికాలానికే ఆయన కాగితాలు చాలావరకు కాల్చివేయడంతో, పాత సమాచారాన్ని ఆలస్యంగా అచ్చువేశారా, లేక లేనిదాన్ని సృష్టించారా అన్నది నేరుగా తేల్చే మార్గం మూసుకుపోయింది.

తర్వాత జరిగిన స్వతంత్ర అధ్యయనాల్లో, అమెరికాలో విడిగా పెరిగిన కవలలపై జరిగిన మినెసోటా పరిశోధనతో సహా, దాదాపు అంతే పెద్ద గుణకాలు వచ్చాయని బర్ట్ అభిమానులు గుర్తుచేస్తారు. అది నిజమే. అయినా వేరొకరి కొలత సరైనదైనంత మాత్రాన ఈయన కొలిచారని రుజువు కాదు. పైగా ఆ గుణకం ఎంత ఎక్కువైనా, పదకొండో ఏట ఒక్క పరీక్షతో పిల్లవాడి చదువు దారి తేల్చవచ్చని అది చెప్పదు. కెంట్, బకింగ్‌హమ్‌షైర్‌లలో ఆ పరీక్ష ఇంకా నడుస్తోంది. దాన్ని సమర్థించేవారైనా వ్యతిరేకించేవారైనా బర్ట్ కవలలను పక్కనపెట్టి, ఆ పరీక్షలో ఓడిన పిల్లలు ఆ తర్వాత ఏమయ్యారన్న లెక్క మీదనే వాదించుకోవాలి.