ఆఫీసు మెయిల్లో ‘యాక్షన్’

‘ప్లీజ్ యాక్షన్ దిస్ బై ఫ్రైడే.’ మొన్న నలుగురికి కలిపి వచ్చిన మెయిల్లో ఉన్నది ఈ ఒక్క లైనే. మనకు యాక్షన్ చేయడమంటే నటించడం. అది వేరే సంగతి. ఇంగ్లిష్ బాగా తెలిసినవాళ్లకైతే, నామవాచకాన్ని పట్టుకొచ్చి క్రియ చేశారేమిటని చిరాకు.

ఈ చిరాకుకు రెండు శతాబ్దాలు దాటాయి. నోటీస్, అడ్వకేట్, ప్రోగ్రెస్ అనే మాటలను జనం క్రియలుగా వాడేస్తున్నారని 1789 డిసెంబరులో అమెరికా నేత బెంజమిన్ ఫ్రాంక్లిన్, తర్వాత నిఘంటుకర్తగా పేరుపొందిన నోవా వెబ్‌స్టర్‌కు ఉత్తరం రాశారు. మూడింటిలోనూ ప్రోగ్రెస్ మరీ ఘోరమన్నారు. ఇవాళ వాటిని తప్పుపట్టేవాళ్లే లేరు.

పాత ఇంగ్లిష్ క్రియలకు చివర ‘అన్’ లాంటి ప్రత్యయాలుండేవి. అవి రాలిపోయాక నామవాచకానికీ క్రియకూ చాలాచోట్ల రూపంలో తేడా లేకుండా పోయింది. గోడ కూలాక ఎవరు ఎటు నడిచినా దారే. తెలుగులో మాత్రం ఇలాంటి ఇంగ్లిష్ మాటలకు ‘చేయు’ తగిలించందే పని జరగదు. కాంటాక్ట్ చేశాను, ఫైనలైజ్ చేశాను అంటాం కాబట్టి ఆ ఇబ్బంది మన చెవికి అందదు.

అసలు రచ్చ 1961లో జరిగింది. ఆ ఏడాది వచ్చిన వెబ్‌స్టర్స్ థర్డ్ నిఘంటువు వాడుకలో ఉన్న మాటలను తప్పొప్పులు పెద్దగా ఎంచకుండా ఎక్కించుకుంది. న్యూయార్క్ టైమ్స్ ఊరుకోలేదు. ఆ నిఘంటువును ‘ఫైనలైజ్’ చేశారంటూ దాని భాషతోనే దాన్ని వెక్కిరిస్తూ సంపాదకీయం రాసింది. వెబ్‌స్టర్స్ థర్డ్‌కు పోటీగా 1969లో అమెరికన్ హెరిటేజ్ నిఘంటువు వచ్చింది. ఏ వాడుక సమ్మతమో చెప్పడానికి రచయితలు, సంపాదకులతో ఓ ప్యానెల్ పెట్టుకుంది. ‘కాంటాక్ట్’ను క్రియగా అప్పుడు మూడోవంతు మందే ఒప్పుకున్నారు. 2004 నాటికి 94 శాతం సరేనన్నారు. కోపగించుకున్నవాళ్లకు వారసులు దొరకలేదన్నమాట. ఇక ‘ఇంపాక్ట్’ను క్రియగా వాడకూడదనే గొడవైతే తమాషా. నామవాచకం కంటే క్రియే పాతది.

కాబట్టి వ్యాకరణం పేరుతో వేసే కేసు నిలవదు. నాకు అభ్యంతరం ఇంకోచోట ఉంది. ‘ఫైనలైజ్ అయింది’ అంటే సంతకాలయ్యాయా, నోటిమాటతో సరిపెట్టారా? ‘యాక్షన్ దిస్’ అంటే ఫోన్ చేయాలా, డబ్బు కట్టాలా, ఫైలు పంపాలా? శుక్రవారం గడువు పెట్టిన ఆ మెయిల్‌కు నాతో సహా ముగ్గురం ‘నోటెడ్’ అని జవాబిచ్చాం. సోమవారానికి కూడా ఆ పని ఎవరూ మొదలుపెట్టలేదు.