పియానో సినిమాలు: అపోహలు - వాస్తవాలు

పియానో ప్రధానంగా నడిచే సినిమా ఏదైనా పేరు తెచ్చుకుంటే, కొద్ది రోజుల్లోనే నేర్చుకుంటామంటూ కొత్తవారు రావడం మొదలవుతుంది. పియానో నేర్పేవాడిగా నాకు అది సంతోషమే. అయితే కొన్ని నెలలు గడిచాక వారిలో చాలామంది మానేస్తామని చెప్పడానికి వస్తారు. వారు చెప్పే కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. ఆ సినిమాలు నాకూ ఎంతో ఇష్టమైనవే. వాటి మీద కోపంతో కాక, వాటిని చూసి అనవసరంగా బెంగపడేవారి కోసం ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

అపోహ: "ఆ నటుడు మూడు నెలల్లో నేర్చుకున్నాడు. నాకు ఏడాదైనా రావడం లేదంటే నాలో ప్రతిభ లేదన్నమాటే."

వాస్తవం: ఎక్కువ మంది చేత పియానో మాన్పించే అపోహ ఇదే. 'లా లా ల్యాండ్' (2016) కోసం ర్యాన్ గోస్లింగ్ కొద్ది నెలలు గట్టిగా సాధన చేసిన మాట నిజం, తెర మీద కనిపించే చేతులు ఆయనవే అన్న మాటా నిజం. కానీ మనకు వినిపించేది ర్యాండీ కర్బర్ అనే అనుభవజ్ఞుడైన పియానిస్టు ముందుగా వాయించి రికార్డు చేసిన సంగీతం. ఆ రికార్డింగుకు అనుగుణంగా సరైన మెట్ల (కీల) మీద సరైన సమయంలో వేళ్ళు పడేలా చూసుకోవడం నటుడి పని. అది చిన్న పనేమీ కాదు, నేను దాన్ని తక్కువ చేయడం లేదు. అయితే ఆ పనికి స్వరలిపి చదవడం రానక్కరలేదు, నాదం నాణ్యత గురించి దిగులు అక్కరలేదు, పెడల్ ఎక్కడ నొక్కి ఎక్కడ వదలాలో చెవితో తేల్చుకోవలసిన అవసరమూ లేదు. ఒక టేకు చెడితే మరో టేకు ఉంటుంది. తెలియని భాషలోని పద్యాన్ని అర్థంతో నిమిత్తం లేకుండా కంఠతా పట్టి తడబడకుండా అప్పజెప్పడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. విన్నవారు మెచ్చుకుంటారు గాని, అప్పజెప్పినవారికి ఆ భాష వచ్చినట్లు కాదు.

ఇక కాలం లెక్క చూద్దాం. 'ది పియానిస్ట్' (2002) కోసం అడ్రియన్ బ్రోడీ రోజుకు నాలుగు గంటలు సాధన చేశారు. ఆ లెక్కన మూడు నెలలు కూర్చుంటే సుమారు 360 గంటలవుతుంది. ఉద్యోగం, ఇల్లు, పిల్లల మధ్య రోజుకు అరగంట దొరికించుకునేవారికి అదే 360 గంటలు పూర్తి కావడానికి 720 రోజులు, అంటే రెండేళ్ళకు కొద్దిగా తక్కువ కాలం పడుతుంది. నటుడికి ఆ నెలల్లో సాధనే ఉద్యోగం, పక్కనే ఉండే శిక్షకులు, నేర్చుకోవలసినవి కొన్ని నిమిషాల సంగీతం మాత్రమే. ఇవేవీ లెక్కలోకి తీసుకోకుండా "మూడు నెలలు" అన్న ఒక్క మాట పట్టుకుని తమను తాము తూచుకునేవారిని చూస్తే జాలి కలుగుతుంది. ఆ ఒక్క మాటనే శీర్షికగా పెట్టి ప్రచారం చేసేవారిని చూస్తే మాత్రం విసుగే వస్తుంది.

నా విద్యార్థుల్లో నడివయసు దాటిన ఒక ఉద్యోగి ఉండేవారు. ఇంట్లో అందరూ నిద్రపోయాక హెడ్‌ఫోన్లు పెట్టుకుని డిజిటల్ పియానో మీద సాధన చేసుకునే మనిషి ఆయన. ఒకనాడు పాఠం మొదలుకాకముందే, "మాస్టారూ, ఇక నా వల్ల కాదండి. సినిమావాళ్ళు మూడు నెలల్లో వాయించేస్తున్నారు, నాకింకా రెండు చేతులూ కలవడమే లేదు" అన్నారు. నేను జవాబు చెప్పకుండా, ఆయన అంతకుముందెన్నడూ చూడని ఒక చిన్న రచనను ముందు పెట్టి వాయించమన్నాను. తడుముకుంటూ, రెండు మూడు చోట్ల ఆగుతూనే అయినా, ఆయన దాన్ని చూసి చదువుతూ చివరిదాకా వాయించారు. చూడని కాగితం నుంచి సంగీతాన్ని బయటకు తీయగలగడమే నేర్చుకోవడమంటే, సినిమా శిక్షణలో ఎవరూ నేర్పించనిది సరిగ్గా ఇదే అని అప్పుడు చెప్పాను. ఆయన మానలేదు. రెండు చేతులు కలవకపోవడం ప్రతిభకు సంబంధించిన సమస్య కాదు. ఒక్కో చేతిని విడిగా, తరువాత రెండింటినీ కలిపి ఒక్కో బార్ (స్వరలిపిలో నిలువు గీతల మధ్య ఉండే చిన్న భాగం) మాత్రమే తీసుకుని, తప్పు పడనంత నిదానంగా వాయిస్తే, అందరికీ ఒకే వేగంతో కాకపోయినా, ఎప్పటికైనా కలిసే తీరతాయి.

ఈ అపోహకే మరో రూపం రచనల ఎంపికలో కనిపిస్తుంది. 'ది పియానిస్ట్' చూసి వచ్చినవారు తరచుగా, శిథిలమైన ఇంట్లో జర్మన్ అధికారి ఎదుట కథానాయకుడు వాయించిన రచననే నేర్పమంటారు. తెర మీద వినిపించేది స్వరకర్త షోపాన్ రాసిన జి మైనర్ బలాడ్, ఆరితేరిన పియానిస్టులకూ అది పరీక్షే. వాస్తవంలో ఆ కథకు మూలమైన పియానిస్టు వ్వాదిస్వాఫ్ ష్పిల్‌మన్ 1944లో ఆ అధికారి ముందు వాయించింది షోపాన్‌దే అయిన సి షార్ప్ మైనర్ నాక్టర్న్. దాన్ని సినిమా మొదట్లో వినవచ్చు. చివర్లో కుడిచేతికి వచ్చే పొడవాటి స్వరాల పరుగులు కొంత ఇబ్బంది పెడతాయి తప్ప, కొన్నేళ్ళు క్రమంగా నేర్చుకున్నవారికి అది అందుబాటులో ఉండే రచనే. బలాడ్‌తో మొదలుపెట్టి ఓడిపోయామనుకుంటున్నవారు ముందు ఈ సంగతి తెలుసుకోవాలి.

అపోహ: "అంతా మోసమే, నటులెవరూ వాయించరు."

వాస్తవం: ఇదీ సరికాదు. 'కాసాబ్లాంకా' (1942)లో శామ్ పాత్ర వేసిన డూలీ విల్సన్ నిజానికి డ్రమ్మర్, ఆయనకు పియానో వాయించడం రాదు. 'ది పియానో' (1993)లో మాత్రం హోలీ హంటర్ తన పాత్ర వాయించే రచనలన్నీ స్వయంగా వాయించారు. ఈ రెండు కొసల మధ్య మిగిలినవన్నీ ఉంటాయి. 'షైన్' (1996)లో చేతులు జెఫ్రీ రష్‌వి, నాదం చాలావరకు ఆ సినిమా కథకు మూలమైన పియానిస్టు డేవిడ్ హెల్ఫ్‌గాట్‌ది. 'గ్రీన్ బుక్' (2018)లో మహర్షలా అలీకి పాఠాలు చెప్పిన సంగీత దర్శకుడు క్రిస్ బవర్సే కష్టమైన చోట్ల ఆయనకు బదులుగా వాయించారు.

అపోహ: "రఖ్మనినోవ్ మూడో కాన్‌చెర్టో మనిషిని పిచ్చివాణ్ణి చేస్తుంది."

వాస్తవం: 'షైన్' విడుదలైన నాటి నుంచి తల్లిదండ్రులను భయపెడుతున్న పుకారు ఇది. రష్యన్ స్వరకర్త రఖ్మనినోవ్ పియానోకూ ఆర్కెస్ట్రాకూ కలిపి రాసిన పెద్ద రచన అది. పియానోలో పిల్లలు మరీ లోతుగా మునిగితే మనసు చెదురుతుందేమోనని నన్ను చాటుగా అడిగినవారు ఉన్నారు. వారి ఆందోళన అర్థమవుతుంది, పుకారుకు మాత్రం ఆధారం లేదు. సినిమాలో ఆ కాన్‌చెర్టో వాయించిన వెంటనే కథానాయకుడు వేదిక మీద కుప్పకూలుతాడు. నిజజీవితంలో హెల్ఫ్‌గాట్ లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్‌లో దాన్ని వాయించి బహుమతి అందుకున్నారు, దశాబ్దాల తరువాత కూడా దాన్ని కచేరీల్లో వాయించారు. మానసిక అనారోగ్యం ఒక వ్యాధి, దాన్ని తెచ్చిపెట్టే స్వరమాలిక ఏదీ లేదు. 1909లో పుట్టిన ఈ కాన్‌చెర్టోను 1958లో మాస్కో పోటీలో వాన్ క్లైబర్న్ వాయించి గెలిచారు, 2022లో క్లైబర్న్ పేరిటే జరిగే పోటీలో 18 ఏళ్ళ యున్‌చాన్ లిమ్ వాయించి గెలిచారు. సుమారు 40 నిమిషాల పాటు వేళ్ళకూ భుజాలకూ తీరిక ఇవ్వని రచన అది, శరీరం అలసిపోతుంది, అంతే. తల్లిదండ్రులు నిజంగా పట్టించుకోవలసింది పిల్లల మణికట్టు నొప్పిని. నొప్పిని ఓర్చుకుని వాయించడమే సాధన అని సినిమాలు చూపిస్తాయి గాని, నొప్పి వచ్చినప్పుడు ఆపి, కూర్చునే ఎత్తునూ చేతి భంగిమనూ సరిచూసుకోవాలి. అప్పటికీ తగ్గకపోతే వైద్యుడికి చూపించాలి.

మిగిలినవి త్వరగా చెప్పేస్తాను. 'అమడేయుస్' (1984)లో మరణశయ్య మీద మోజార్ట్ చెబుతుంటే తోటి స్వరకర్త సాలియేరి 'రెక్వియమ్' (మృతుల కోసం చేసే ప్రార్థనా సంగీతం) రాసుకోవడం పూర్తిగా కల్పన, సాలియేరి మోజార్ట్‌కు విషం పెట్టాడన్నదానికీ ఆధారాలు లేవు. మోజార్ట్ చిన్న కొడుకుకు తరువాతి కాలంలో సంగీతం నేర్పినవారిలో సాలియేరి ఒకరు. మోజార్ట్ కొట్టివేతలు లేకుండా రాసేవాడన్న మాటా అతిశయోక్తే, ఆయన చిత్తుప్రతులు నేటికీ ఉన్నాయి. 'ది లెజెండ్ ఆఫ్ 1900' (1998)లో వేగంగా వాయించి వేడెక్కిన తీగతో సిగరెట్ వెలిగించడం చూడటానికి సరదాగా ఉంటుంది, ఏ పియానో తీగా అంతగా వేడెక్కదు. 'ది పియానో'లో లాగా సముద్రతీరాన వదిలేసిన వాద్యానికి తేమ తగిలి చెక్క ఉబ్బుతుంది, ఉప్పుగాలికి తీగలు తుప్పు పడతాయి. ఇంట్లో పియానోను తడి గోడకు ఆనించి పెట్టినవారు కూడా ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఇన్ని సినిమాల్లో నా విద్యార్థులను తప్పక చూడమని చెప్పేది స్వీడిష్ దర్శకుడు బెర్గ్‌మన్ తీసిన 'ఆటమ్ సొనాటా' (1978). అందులో షోపాన్ ఎ మైనర్ ప్రెలూడ్‌ను మొదట కూతురు, తరువాత కచేరీ పియానిస్టు అయిన తల్లి వాయిస్తారు. రెండుసార్లూ వినిపించేది కేబీ లారెటై అనే పియానిస్టు వాయించినదే, రచన నిడివి సుమారు రెండు నిమిషాలే, స్వరాలూ అవే. అయినా రెండూ ఒకటి కావని సంగీతం తెలియనివారికీ వినగానే తెలుస్తుంది. రెండోసారి కెమెరా వేళ్ళను వదిలి, తల్లిని చూస్తున్న కూతురి ముఖం మీద నిలుస్తుంది. "ఆ నటికి ఎన్ని నెలలు పట్టిందండి?" అని ఈ సినిమా చూసినవారెవరూ ఇంతవరకు నన్ను అడగలేదు.