చిన్న రైలు కోచ్‌ల నిర్మాణం, వెదరింగ్: అపోహలు - వాస్తవాలు

హెచ్‌ఓ (1:87), డబుల్ ఓ (1:76), ఎన్ (1:160, బ్రిటిష్ నమూనాల్లో 1:148) నమూనా రైలు స్కేళ్లలో కోచ్‌లు కట్టి వెదరింగ్ చేసేవాళ్ల (అంటే వాడకంతో పట్టే మురికి, తుప్పు, మసిని రంగులతో చూపేవాళ్ల) మధ్య కొన్ని సలహాలు ఒకరి నుంచి ఒకరికి పాకుతూ వస్తున్నాయి. వాటిలో చాలావరకు గూడ్స్ వ్యాగన్ల పని నుంచి తెచ్చుకున్నవే. కోచ్ తీరు వేరు. దాన్ని డిపోలో తరచూ కడుగుతారు. పక్కల పొడవునా అద్దాలుంటాయి, లోపల దీపాలు వెలుగుతాయి, ఒళ్లంతా పొడవు. ఈ తేడాలు పట్టించుకోకపోతే ఎంత ఓపికగా రంగులేసినా కోచ్ నిజంలా కనిపించదు. ఒక్కోసారి పట్టాల మీద నిలవదు కూడా.

అపోహ: వెదరింగ్ అంటే కోచ్ అంతటా గోధుమరంగు మురికి పట్టించడం.

వాస్తవం: ఫలానా మురికి ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పలేకపోతే దాన్ని వేయకపోవడమే మంచిది. కడిగే యంత్రం బ్రష్షులు కోచ్ పక్కలను రుద్దుతాయి కాబట్టి చదునుగా ఉండే చోటు దాదాపు శుభ్రంగానే ఉంటుంది. బ్రష్ అందని సందుల్లోనే మురికి మిగులుతుంది: తలుపు అంచులు, పిడుల వెనక, కిటికీ చట్రాల మూలలు, రేకుల అతుకులు, పైకప్పు అంచున నీళ్లు జారే గట్టు కింద. కోచ్ రెండు చివర్లను బ్రష్షులు సరిగా తాకవు. అందుకే అవి పక్కలకంటే ఎప్పుడూ ఒక మెట్టు నల్లగా ఉంటాయి. వాన రోజుల్లో చక్రాలు చిమ్మే బురదనీరు అదే చివర్ల మీద, పట్టాలకు ఎదురుగా, కింది నుంచి పైకి రెండు చారలుగా పేరుకుంటుంది. చాలా నమూనాల్లో కనిపించనిది సరిగ్గా ఈ రెండు చారలే. వీటిని వేయడానికి పది నిమిషాలు చాలు.

కింది భాగానిది ఇంకో లెక్క. పోత ఇనుము బ్రేకు దిమ్మలు అరిగి రాలే పొడి తుప్పు పట్టి, బోగీల (కోచ్ కింద చక్రాలుండే చట్రాల) మీద, పక్కల అడుగు అంచు మీద నారింజ ఛాయ గోధుమరంగుగా కూర్చుంటుంది. కాంపొజిషన్ దిమ్మలైతే ఆ పొడి బూడిదనలుపుగా ఉంటుంది. డిస్క్ బ్రేకులున్న కోచ్‌లో ఆ ఎరుపు బాగా తక్కువ. కాబట్టి రంగు కలిపే ముందు మీరు కడుతున్న కోచ్‌కు ఏ బ్రేకులుండేవో చూసుకోండి. పైకప్పు కూడా అంతే. ఆవిరి, డీజిల్ ఇంజన్ల వెనక నడిచిన కోచ్‌లకు మసి పైకప్పు నడిమి పొడవునా చిక్కగా, అంచుల వైపు పల్చగా ఉంటుంది. ఇక స్టెయిన్‌లెస్ స్టీలు, అల్యూమినియం కోచ్‌లకు తుప్పు బొబ్బలు పెట్టడం పూర్తిగా తప్పు. ఆ లోహాలు అలా తుప్పు పట్టవు.

అపోహ: ఎనామెల్ వాష్ (నూనె రకం రంగును బాగా పల్చగా కలిపి సందుల్లోకి పారించేది) తన కింద ఉన్న యాక్రిలిక్ (నీటి ఆధారిత) రంగును తినేస్తుంది.

వాస్తవం: ఎనామెల్‌ను పల్చబరిచే వైట్ స్పిరిట్ బాగా ఆరిన యాక్రిలిక్‌ను ఏమీ చేయదు. దాన్ని కరిగించేది ఐసోప్రొపైల్ ఆల్కహాల్. ఎనామెల్ రంగు మీద నేరుగా ఎనామెల్ వాష్ వేసినప్పుడే అసలు ప్రమాదం. అక్కడ మధ్యలో యాక్రిలిక్ వార్నిష్ పొర తప్పనిసరి.

పద్ధతి ఇది. రంగు, డెకాల్స్ (నీళ్లలో నానబెట్టి అతికించే అక్షరాలు, గుర్తులు) అయ్యాక శాటిన్ (ఓ మోస్తరు మెరుపున్న) యాక్రిలిక్ వార్నిష్ కొట్టి కనీసం 24 గంటలు, వీలైతే 48 గంటలు ఆగండి. నలుపు, మట్టిరంగు ఎనామెల్‌ను లేదా ఆయిల్ రంగును ఒక వంతు తీసుకుని 10 వంతుల వైట్ స్పిరిట్‌లో కలపండి. ఒకసారి ఒక్క పక్కకే వేయండి. 10-20 నిమిషాలయ్యాక, వైట్ స్పిరిట్‌తో కొద్దిగా తడిపిన చదును బ్రష్‌ను పైనుంచి కిందికి ఒకే లాగుగా లాగండి. ప్రతి లాగుకూ బ్రష్‌ను గుడ్డకు తుడవాలి. తుడవకపోతే తీసిన మురికినే మళ్లీ పూస్తారు. బ్రష్ బాగా తడిగా ఉంటే వాష్ మొత్తం కొట్టుకుపోయి కిటికీల కింద గుండ్రటి మరకలు తేలతాయి. ఎక్కువమంది విసిగి మానేసేది ఇక్కడే, నిజానికి తగ్గించుకోవాల్సింది బ్రష్‌లోని తడి మాత్రమే.

అపోహ: అసలు కోచ్‌కు వాడిన రంగునే వాడితే నమూనా సరిగ్గా వస్తుంది.

వాస్తవం: నమూనాను అడుగు దూరం నుంచి చూసినా, అసలు కోచ్‌ను చాలా దూరం నుంచి చూస్తున్నట్టే లెక్క. మధ్యలో ఉండే గాలి రంగులను పల్చబరుస్తుంది, నమూనాకు ఆ గాలి ఉండదు. అందుకే అడుగు చట్రానికి అచ్చమైన నలుపు వేస్తే వివరాలన్నీ ఒకే ముద్దలో కలిసిపోతాయి. ముదురు బూడిద వాడండి. తెల్లటి పైకప్పుకు లేత బూడిద కలిపిన తెలుపు, పక్కల రంగుకు 5-10 శాతం లేత రంగు కలపండి. ఎంత కలపాలో నమూనా నడిచే గదిలోని దీపం కిందే తేల్చుకోవాలి.

అపోహ: రంగు పౌడర్లు చల్లి చివర్లో మ్యాట్ (మెరుపు లేని) వార్నిష్ కొడితే అంతా అలాగే నిలుస్తుంది.

వాస్తవం: వార్నిష్ తగలగానే లేత పౌడర్లలో చాలాభాగం మాయమవుతుంది, ముదురువి మరింత ముదురుతాయి. పౌడర్, పల్చటి వార్నిష్, మళ్లీ పౌడర్ అన్న వరసలో రెండు మూడు పొరలు కట్టండి. చెయ్యి తగలని అడుగు భాగంలో ఆఖరి పొరను వార్నిష్ లేకుండా వదిలేయవచ్చు. నునుపైన పొర మీద పౌడర్ పట్టదు, కింద మ్యాట్ ఉండాల్సిందే. డెకాల్‌కు దీనికి పూర్తి విరుద్ధం: మ్యాట్ మీద అతికిస్తే కింద గాలి చిక్కి అంచులు వెండిలా మెరుస్తాయి, నిగనిగలాడే గ్లాసీ పొర మీదే అతికించాలి.

మ్యాట్ వార్నిష్ తెల్లగా పొగబారిందంటే సీసా సరిగా కుదపలేదు, లేదా గాలిలో తేమ ఎక్కువగా ఉంది.

అపోహ: సూపర్ గ్లూ ఒక్కటుంటే కోచ్ అంతా కట్టేయొచ్చు.

వాస్తవం: సూపర్ గ్లూ ఆవిరి అద్దాల మీద తెల్లటి పొగలా పేరుకుంటుంది. అద్దాలకు పారదర్శకంగా ఆరే పీవీఏ రకం తెల్ల జిగురే సరైనది, అదీ వార్నిష్ పని మొత్తం ముగిశాకే. స్టైరీన్ అనే ప్లాస్టిక్‌ను స్టైరీన్‌కే అతకాలంటే ప్లాస్టిక్‌ను కరిగించి కలిపే ద్రవ సిమెంట్ వాడాలి. లోహానికి ప్లాస్టిక్ అయితే రెండు భాగాలు కలిపి వాడే ఎపాక్సీ జిగురు. కొన్ని బోగీలు అసిటాల్ అనే జారుడు ప్లాస్టిక్‌తో వస్తాయి, వాటికి ఏ మామూలు జిగురూ పట్టదు. స్క్రూ లేదా పిన్ను వాడాల్సిందే.

ద్రవ సిమెంట్‌లో ఇంకో చిక్కు ఉంది. రెండు పల్చటి స్టైరీన్ రేకులను విశాలంగా అతికిస్తే ద్రావకం మధ్యలో చిక్కుకుపోతుంది. పక్కలు ఆ రోజు తిన్నగానే ఉంటాయి, కొన్ని వారాలకు వంపు తిరుగుతాయి. లోపలి రేకుకు కనిపించని చోట 1 మి.మీ. రంధ్రాలు వేసి, సిమెంట్ పొదుపుగా వాడి, ఆరేదాకా చదును బరువు కింద ఉంచండి. ఇత్తడి కిట్లు సోల్డర్ చేసేవాళ్లయితే ఆమ్ల ఫ్లక్స్‌ను (సోల్డర్ పట్టడానికి పూసేదాన్ని) అదే రోజు వేడినీళ్లతో కడిగేయాలి. మిగిలిపోతే రంగు కింద పచ్చగా చిలుము లేస్తుంది.

అపోహ: కోచ్ ఎంత బరువుంటే అంత బాగా నడుస్తుంది.

వాస్తవం: అమెరికాలోని నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ సిఫారసు ప్రకారం హెచ్‌ఓకు మొదట ఒక ఔన్సు, ఆపై ప్రతి అంగుళం పొడవుకు అర ఔన్సు. గ్రాముల్లో చెప్పాలంటే 28 గ్రాములు, సెంటీమీటరుకు మరో 5.6 గ్రాములు. 26 సెం.మీ. కోచ్‌కు సుమారు 174 గ్రాములు వస్తుంది. ఎన్ స్కేల్‌కు అర ఔన్సు, అంగుళానికి 0.15 ఔన్సు, అంటే 16 సెం.మీ. కోచ్‌కు 41 గ్రాములు. ఎనిమిది హెచ్‌ఓ కోచ్‌లు కలిస్తే దాదాపు 1.4 కిలోలు. చిన్న ఇంజన్ ఎత్తు మీద జారిపోవడానికి అది చాలు. పొడవైన రైళ్లు నడిపేవాళ్లు దీనికంటే కాస్త తక్కువ పెట్టుకున్నా ఫర్వాలేదు, అన్నింటికీ ఒకే లెక్క ఉండటమే ముఖ్యం. ముందు తేలిక కోచ్, వెనక బరువైనవి ఉంటే వంపులో ఆ తేలిక కోచ్ లోపలి వైపుకు లాగబడి పడిపోతుంది.

బరువును నేల మట్టంలో, రెండు బోగీల మధ్య సమంగా పరచండి. సీసం గుళ్లను పీవీఏ జిగురుతో మాత్రం పొయ్యకండి. జిగురు నుంచి వచ్చే ఆమ్లం సీసంతో కలిసి తెల్లటి లవణాలు పుట్టిస్తుంది, అవి ఉబ్బి కొన్నేళ్లలో కోచ్‌ను లోపలి నుంచి చీలుస్తాయి. ఎపాక్సీ వాడండి, లేదా ఉక్కు పట్టీలు పెట్టండి.

అపోహ: కోచ్ పట్టాలు తప్పితే లోపం పట్టాలదే.

వాస్తవం: ముందు కోచ్‌ను తిరగేసి చూడండి. హెచ్‌ఓ, డబుల్ ఓ నమూనాలు నడిచే 16.5 మి.మీ. వెడల్పు పట్టాల మీద చక్రాల వెనక ముఖాల మధ్య దూరం 14.4-14.5 మి.మీ. ఉండాలి. తక్కువైతే పాయింట్ల (పట్టాలు చీలే చోట్ల) దగ్గర చక్రం ఎక్కి దిగుతుంది. తర్వాత బోగీ స్క్రూలు: ఒక బోగీ ముందుకూ వెనక్కూ మాత్రమే ఊగాలి, రెండోది పక్కలకు కూడా ఊగాలి. అప్పుడే కోచ్ మూడు కాళ్ల పీటలా ఎగుడుదిగుడు మీద నిలకడగా కూర్చుంటుంది. రెండూ బిగిస్తే ఒక చక్రం గాల్లో ఉంటుంది, రెండూ వదులు చేస్తే కోచ్ తూలుతుంది. సూదిమొన ఇరుసులు బోగీలో పక్కలకు అతి కొద్దిగా కదలాలి, అసలు కదలకపోతే చక్రం బిగుస్తుంది.

వంపు వ్యాసార్ధం కోచ్ పొడవుకు కనీసం మూడు రెట్లుంటే సుఖం. 26 సెం.మీ. కోచ్‌కు అది 78 సెం.మీ. అంతకన్నా బిగువైన వంపుల్లో నడపాలంటే మెట్ల కింద బోగీ తగిలే చోట్లు చెక్కాలి, కోచ్‌లను దగ్గరగా కలిపి, వంపులో తనంతట తాను సాగే కొక్కెం (క్లోజ్ కప్లింగ్) పెట్టాలి.

అపోహ: లోపల ఎల్‌ఈడీలు ఎంత కాంతిగా ఉంటే అంత అందం.

వాస్తవం: పల్చటి ప్లాస్టిక్ గోడల గుండా వెలుతురు చొచ్చుకొచ్చి కోచ్ మొత్తం లాంతరులా వెలుగుతుంది. లోపలి గోడలకు ముందు నలుపు, దాని మీద లేత రంగు వేయండి. 12 వోల్టులకు ఒక తెల్ల ఎల్‌ఈడీకి 1 కిలో ఓమ్ రెసిస్టర్ వేస్తే 9 మిల్లీ ఆంపియర్లు పారుతుంది, కోచ్‌కు అది ఎక్కువే. 4.7 కిలో ఓమ్‌తో మొదలుపెట్టి చూడండి. మిణుకుమిణుకుమంటే బ్రిడ్జ్ రెక్టిఫయర్ (కరెంటును ఒకే దిశకు మార్చే భాగం) తర్వాత 470 మైక్రోఫారడ్, 25 వోల్టుల కెపాసిటర్ పెట్టి, దానికి వరసలో 100 ఓమ్ రెసిస్టర్ కలపండి. ఆ రెసిస్టర్ లేకపోతే పది కోచ్‌ల రైలుకు కరెంటిచ్చిన క్షణంలో కంట్రోలర్ షార్ట్ అనుకుని ఆగిపోవచ్చు.

కెపాసిటర్ పెట్టాక కూడా మిణుకు తగ్గకపోతే చక్రాలు చూడండి. వెదరింగ్‌లో చక్రాల ముఖాలకు రంగు వేయాలి కానీ పట్టా మీద దొర్లే అంచుకూ ఇరుసు మొనలకూ రంగు, పౌడర్ తగలకూడదు. తగిలితే చక్రాలను బోగీ నుంచి తీసి, అంచులను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూది పుల్లతో తుడిచి, ఆరాక తిరిగి పెట్టండి. గరుకు కాగితంతో రుద్దితే గీతలు పడి మరుసటి వారానికే మురికి రెట్టింపు పడుతుంది.