మెస్ కమిటీ పిల్లాడు నాయకుడా? క్యాంపస్ బాధ్యతలపై కొన్ని అపోహలు

హైదరాబాద్‌లో ఒక డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతూ ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) ప్రోగ్రామ్ ఆఫీసర్‌గా కూడా పనిచేస్తున్నాను. అడ్మిషన్ల రోజుల్లో తల్లిదండ్రుల నోట వినే మాటలకు ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: "సార్, మావాణ్ణి ఈ కమిటీల్లో పెట్టకండి, చదువు పాడవుతుంది."

వాస్తవం: ఎన్‌ఎస్‌ఎస్ వలంటీర్ ఏడాదికి 120 గంటలు పనిచేయాలి. రోజుల మీద సర్దితే ఇరవై నిమిషాలు కూడా కాదు. చదువు పాడయ్యేది పనులన్నీ ఒక్కరి నెత్తినే పెట్టినప్పుడు. చురుగ్గా ఉందని ఒక అమ్మాయికి ఫెస్ట్, క్యాంపు, రక్తదాన శిబిరం అన్నీ మేమే అప్పజెప్పాం. ఆ సెమిస్టర్‌లో ఆమెకు రెండు బ్యాక్‌లాగ్‌లు (తప్పిన సబ్జెక్టులు) వచ్చాయి. తప్పు మాది. ఆ తర్వాత నుంచి ఒకరికి ఒకే బాధ్యత ఇస్తున్నాను.

అపోహ: వేదికెక్కి గలగలా మాట్లాడేవాళ్లే లీడర్లు.

వాస్తవం: నేను చూసిన మంచి నాయకుల్లో సగం మంది మైకు పట్టుకోవడానికి భయపడేవాళ్లే. పల్లెటూరి నుంచి తెలుగు మీడియంలో చదివి వచ్చిన ఒక కుర్రాణ్ణి హాస్టల్ మెస్ కమిటీలో వేశాం. మొదటి మీటింగులో నోరు విప్పలేదు. కానీ రెండు వారాలపాటు ప్రతి రాత్రీ మిగిలిన అన్నాన్ని కూరగాయల తక్కెడలో తూచి నోటుబుక్కులో రాసుకున్నాడు. శని, ఆదివారాల్లోనే ఎక్కువ మిగులుతోంది. దగ్గరి ఊళ్ల పిల్లలు చెప్పకుండా ఇంటికి వెళ్లిపోతున్నారు, వంటవాళ్లేమో అందరికీ వండుతున్నారు. శనివారం మధ్యాహ్నంలోగా ఊరెళ్లేవాళ్లు పేరు రాయాలని మెస్ గుమ్మం దగ్గర ఒక రిజిస్టర్ పెట్టించాడు. వార్డెన్ ముందు ఆ నోటుబుక్కు తెరిచి, తెలుగులోనే, అంకెలతో మాట్లాడాడు. ఆయన మారు మాట్లాడకుండా ఒప్పుకున్నారు. తినేవాళ్ల బాధ, వండేవాళ్ల ఇబ్బంది రెండూ పట్టించుకుని, లెక్క చూపించి ఒప్పించడం! ఇంతకన్నా నాయకత్వం ఏముంటుంది?

అపోహ: విద్యార్థి నాయకత్వమంటే రాజకీయాలు, కొట్లాటలు.

వాస్తవం: ఈ భయం ఊరికే పుట్టలేదు. 1972లో ఉస్మానియా క్యాంపస్‌లో విద్యార్థి నాయకుడు జార్జ్ రెడ్డి హత్యకు గురయ్యాడు. ఆ తరం తల్లిదండ్రులకు అది మానని గాయం. అయితే అదే ఉస్మానియాలో 1938లో వందేమాతరం పాడినందుకు బహిష్కరణకు గురైన విద్యార్థులు నాగపూర్ వెళ్లి చదువు కొనసాగించారు. ఆ ఉద్యమంలో పాల్గొని అలాగే నాగపూర్ వెళ్లి చదువుకున్న పి.వి. నరసింహారావు తర్వాత ప్రధాని అయ్యారు. క్యాంపస్ చరిత్రలో ఈ రెండూ ఉన్నాయి.

విద్యార్థి సంఘాల ఎన్నికలకు ఇప్పుడు కట్టుబాట్లున్నాయి. ఈ ఎన్నికలు ఎలా జరగాలో చెప్పిన లింగ్డో కమిటీ సిఫార్సులను అమలు చేయాలని 2006లో సుప్రీంకోర్టు ఆదేశించింది. అభ్యర్థికి కనీసం 75 శాతం హాజరు ఉండాలి, ఆ ఏడాది బ్యాక్‌లాగ్‌లు ఉండకూడదు, ఖర్చు 5,000 రూపాయలు దాటకూడదు, అచ్చు పోస్టర్లు వాడకూడదు. ఈ నియమాలు చదివి వినిపిస్తే చాలామంది తండ్రుల ముఖంలో టెన్షన్ తగ్గుతుంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో విద్యార్థి సంఘానికి ఎన్నికలు జరుగుతూనే ఉన్నాయి. ఎన్నికలు లేని కాలేజీల్లోనూ ఫిర్యాదుల పరిష్కార కమిటీలో, నాణ్యతను చూసే ఐక్యూఏసీలో విద్యార్థికి చోటు ఉండాలని నిబంధనలు చెబుతున్నాయి. ఆ కుర్చీ ఖాళీగా ఉందేమో అడిగి చూడండి.

అపోహ: ఇదంతా సర్టిఫికెట్ కోసమే.

వాస్తవం: పేరుకు కమిటీలో ఉంటే సర్టిఫికెట్టే మిగులుతుంది, నిజమే. అందుకే పిల్లలు ఏదైనా కమిటీలో చేరామని చెబితే, "ఏ పని ఇచ్చారు? డబ్బు లెక్క ఎవరు రాస్తారు? పని ఆగితే ఎవరు జవాబు చెప్పాలి?" అని అడగండి. మూడింటికీ "మా సారే" అని జవాబు వస్తే, వచ్చి మమ్మల్ని నిలదీయండి.