"గొంతు బొంగురుపోయింది, అంతే కదా సార్!"

నేను మత్తు డాక్టర్ని. ఆపరేషన్‌కి మత్తిచ్చే మనిషిగానే అందరూ చూస్తారు గానీ, క్యాజువాలిటీలో ఎవరికైనా ఊపిరాడే దారి మూసుకుపోతోందంటే ముందు పరిగెత్తేది మేమే. గ్యాస్ పీల్చినవాళ్లు, యాసిడ్ పొరపాటున తాగినవాళ్లు, పొగలో చిక్కుకున్నవాళ్లు వచ్చినప్పుడు బంధువుల నోట పదేపదే వినే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: మాట్లాడుతున్నాడు, నడుస్తున్నాడు, ఇక ప్రమాదం లేదు

ఐస్ ఫ్యాక్టరీలో అమ్మోనియా లీకైతే ఒకతను బైక్ వెనక కూర్చుని వచ్చాడు. కళ్లు ఎర్రబడ్డాయి, ముక్కు కారుతోంది. "గొంతు బొంగురుపోయింది, అంతే కదా సార్! మందులు రాసిచ్చేయండి, వెళ్లిపోతాం" అన్నాడు అతని బావమరిది. నాకు భయం వేసింది ఆ బొంగురు గొంతుకే. ఒకే ఊపిరిలో ఇరవై దాకా లెక్కపెట్టమన్నాను. పన్నెండు దగ్గర ఆగాడు. గంట తర్వాత తొమ్మిదికే ఆగాడు. గాలి పీల్చినప్పుడల్లా సన్నటి కూత.

వాస్తవం: అమ్మోనియా తడి తగిలితే చాలు, ఇట్టే కరిగి ఘాటైన క్షారంగా మారుతుంది. అందుకే ముక్కు, గొంతు, స్వరపేటిక దగ్గరే కాలుస్తుంది. ఆ వాపు అప్పటికప్పుడు కనిపించదు. గంటలు గడిచేకొద్దీ, ఒక్కోసారి 24 గంటల దాకా పెరుగుతూ పోతుంది. నైట్రోజన్ డయాక్సైడ్ లాంటివి నీటిలో అంతగా కరగవు. గొంతులో పెద్దగా మంట పెట్టకుండా ఊపిరితిత్తుల అడుగుకి దిగుతాయి. పగలు బాగానే ఉన్న మనిషికి రాత్రికి ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. బాత్రూమ్ యాసిడ్‌లో బ్లీచింగ్ పౌడర్ కలిపితే వచ్చే క్లోరిన్ ఈ రెండిటికీ మధ్యరకం. పైనా కాలుస్తుంది, కిందా కాలుస్తుంది. పండగ ముందు బాత్రూములు కడిగే రోజుల్లో ఈ కేసులు మాకు అలవాటే.

అపోహ: గొంతులో పైపు వేశారంటే ఇక ఆశ లేనట్టే

"పైపు వేస్తే మళ్లీ తియ్యరట కదా బాబూ" అంది అతని అత్తగారు, నా చెయ్యి పట్టుకుని. ఈ ఒక్క భయంతో సంతకం పెట్టడానికి గంటలు తాత్సారం చేస్తారు. అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే అంటాను.

వాపు వచ్చాక వేద్దామనుకుంటే వేయడానికి దారే ఉండదు. లోపల చూస్తే స్వర తంతువులు కనబడవు, ఉబ్బిన ఎర్రటి కండ తప్ప. అప్పుడిక మెడ దగ్గర కోసి దారి చేయాల్సిందే. మనిషి మాట్లాడుతుండగానే పైపు వేద్దామంటున్నామంటే, అవకాశం ఇంకా చేతిలో ఉందనే. పసిపిల్లల విషయంలో అసలు ఆగకూడదు. 4 మిల్లీమీటర్ల శ్వాసనాళంలో చుట్టూ ఒక్క మిల్లీమీటరు వాచినా దారి 2 మిల్లీమీటర్లే మిగులుతుంది. గాలి పీల్చడానికి దాదాపు 16 రెట్లు కష్టపడాలి.

తీసేటప్పుడూ ఒక లెక్క ఉంటుంది. పైపు చుట్టూ ఉండే చిన్న బెలూన్‌లో గాలి తీసేసి చెవి పెట్టి వింటాం. పైపు పక్కనుంచి గాలి బుసబుసమని పోతే వాపు తగ్గినట్టు. ఐస్ ఫ్యాక్టరీ అతని దగ్గర ఆ బుస నాలుగో రోజు వినబడింది.

అపోహ: ఆక్సీమీటర్‌లో 98 ఉంది కదా

కోవిడ్ పుణ్యమా అని ఇది ప్రతి ఇంట్లోనూ ఉంది. మంటల పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ఆక్సిజన్ స్థానాన్ని ఆక్రమిస్తుంది. వేలికి తగిలించే ఆ పరికరానికి రెండిటికీ తేడా తెలియదు. అంకె ఎంతున్నా మాస్కుతో నూరు శాతం ఆక్సిజన్ పెడతాం. మామూలు గాలిలో ఆ విషం సగానికి తగ్గాలంటే నాలుగైదు గంటలు పడుతుంది. ఇలా పెడితే గంట, గంటన్నర చాలు.

అపోహ: ముక్కుకి తడిగుడ్డ కట్టుకుంటే చాలు

అమ్మోనియాకి కొంత పనిచేస్తుంది, నీటిలో కరుగుతుంది కాబట్టి. కార్బన్ మోనాక్సైడ్‌కి అసలు పనిచేయదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో లీకై పన్నెండు మందిని బలిగొన్న స్టైరీన్ అనే రసాయనం కూడా నీటిలో దాదాపు కరగదు. పైగా దాని ఆవిరి గాలికన్నా మూడు రెట్లకు పైగా బరువు, నేలబారున పాకుతుంది. గుడ్డ కోసం వెతుక్కుంటూ సమయం పోగొట్టుకోవద్దు. గాలి వీచే దారికి అడ్డంగా, వీలైతే ఎత్తుకి వెళ్లిపోవాలి.

అపోహ: యాసిడ్ తాగితే ఉప్పునీళ్లతో కక్కించాలి

వద్దు. దిగేటప్పుడు ఒకసారి కాలిన గొంతు, పైకొచ్చేటప్పుడు రెండోసారి కాలుతుంది. పొరమారితే ఊపిరితిత్తుల్లోకీ పోతుంది. పాలు, గుడ్డు సొన, నిమ్మరసం ఏదీ బలవంతంగా పట్టకండి. నోరు పుక్కిలించి ఉమ్మమనండి, 108కి ఫోన్ చేయండి.

ఒంటి మీద పడినదానికి విరుగుడుగా సోడా, నిమ్మకాయ రుద్దడం కూడా అంతే, పడినదీ, విరుగుడూ కలిసి ఇంకా వేడి పుట్టిస్తాయి. పంపు కింద కనీసం 20 నిమిషాలు ఉంచండి. సున్నం లాంటి పొడైతే ముందు దులిపి, తర్వాత కడగాలి. కంట్లో కిళ్లీ సున్నం పడితే మాత్రం దారి పొడుగునా కడుగుతూనే తీసుకురండి.

వచ్చేటప్పుడు ఆ సీసా కూడా తెమ్మని అందరికీ చెప్తుంటాను. 2013లో సుప్రీంకోర్టు యాసిడ్ అమ్మకాలకు ఆంక్షలు పెట్టినా, చిల్లరగా అమ్మేవాళ్లు ఇంకా ఉన్నారు. మొన్న ఒకాయన గుర్తుపెట్టుకుని మరీ తెచ్చాడు. చూస్తే మామిడిపండు బొమ్మ ఉన్న కూల్‌డ్రింక్ సీసా.