బంతి ఎక్కడ ఆగిందో చూడండి

చిరంజీవులు బుజ్జిగాడికి, చిట్టితల్లికి తాతయ్య ఆశీస్సులు.

మీ ఉత్తరం అందింది. పండగలకి వచ్చిన డబ్బులు దాచుకున్నామనీ, వాటితో కొత్త గ్రాఫిక్స్ కార్డు కొంటే రాబోయే గేములన్నీ ఆడుకోవచ్చా అనీ అడిగారు. విండోస్ 11 మన కంప్యూటర్‌లో ఎందుకు ఎక్కనంటోందని కూడా రాశారు. అది 2017లో కొన్నది. ఏడో తరం ఇంటెల్ ఐ5, 8 జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్క్, జీటీఎక్స్ 1050 టీఐ కార్డు. దాన్ని కళ్ళముందు పెట్టుకునే చెబుతున్నాను.

గేమ్ ఆడటమంటే పెళ్ళిలో బంతి భోజనాలు వడ్డించడం అనుకోండి. తెరమీద వచ్చే ఒక్కో బొమ్మ ఒక్కో బంతి. ఫుల్ హెచ్‌డీ తెరమీద 1920ని 1080తో హెచ్చిస్తే 20,73,600 చుక్కలు. అన్ని విస్తళ్ళన్నమాట! ప్రతి విస్తట్లోనూ సరైన రంగు పడాలి. ఆట సాఫీగా సాగాలంటే సెకనుకి 60 బంతులు లేవాలి. ఏ బంతికి ఏం వండాలో, ఎవరు ఎక్కడ కూర్చోవాలో తేల్చే వంటమేస్త్రి ప్రాసెసర్. గ్రాఫిక్స్ కార్డు వడ్డించే కుర్రాళ్ళ దండు. మీ 1050 టీఐలో అలాంటి కుర్రాళ్ళు 768 మంది. ఆర్‌టీఎక్స్ 3060 అనే ఇంకో కార్డులో 3584 మంది. ర్యామ్ పొయ్యి పక్కనుండే బల్ల, అప్పటికప్పుడు కావలసినవన్నీ దానిమీదే ఉండాలి. హార్డ్ డిస్క్ ఊరి చివరున్న సామాన్ల కొట్టు, ఎస్‌ఎస్‌డీ పందిరికి ఆనుకునే ఉన్న కొట్టు. పవర్ సప్లై పొయ్యిలో కట్టెలు.

మా చిన్నప్పుడు పెళ్ళంటే ఐదురోజుల ముందునుంచే సందడి. దొడ్లో గాడిపొయ్యి తవ్వేవారు, దానిమీద వరసగా గుండిగలు ఎక్కించేవారు. మా వయసు పిల్లలకి మంచినీళ్ళు పోసే పని. నెయ్యి గిన్నె పట్టుకోవాలని ఎంత ఆశ ఉండేదో! కానీ అది పెద్దవాళ్ళకే. ఒక పెళ్ళిలో పప్పు వడ్డించేశారు, అన్నం మాత్రం రాలేదు. బంతి మొత్తం చేతులు ముడుచుకుని కూర్చుంది. వంటవాడు చేతకానివాడని ఒకరు, వడ్డించేవాళ్ళు చాలరు, ఇంకో నలుగుర్ని పిలవండని ఇంకొకరు. మా మేనమామ ఎవర్నీ ఏమీ అనకుండా పందిట్లోంచి వంటల దగ్గరికి, అక్కణ్ణుంచి కొట్టు దగ్గరికి నడిచి వెళ్ళాడు. బియ్యం బస్తాలున్న గదికి తాళం వేసి ఉంది. తాళంచెవి ఉన్నాయన పెళ్ళికొడుకు పక్కన కూర్చుని కబుర్లాడుతున్నాడు. అంతే సంగతి! నలుగురు కాదు, నలభైమంది కుర్రాళ్ళని తెచ్చినా ఆ అన్నం వచ్చేది కాదు.

అందుకే కార్డు కొనకముందు ఎక్కడ ఆలస్యమవుతోందో చూడండి. మీరిప్పుడు ఆడే గేమ్ నడుస్తుండగా కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి, టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్ పేజీ తెరవండి. జీపీయూ, అంటే గ్రాఫిక్స్ కార్డు, నూరు శాతానికి దగ్గర్లోనే నిలబడితే కుర్రాళ్ళు చాలడంలేదు. సీపీయూ, అంటే ప్రాసెసర్, నూరు దాకా వెళ్ళి, జీపీయూ కిందే ఉంటే మేస్త్రికి ఊపిరాడటంలేదు. మెమరీ నిండిపోయి డిస్క్ కూడా నూరు చూపిస్తుంటే, బల్ల చాలక మాటిమాటికీ ఊరి చివరకి పరిగెత్తుతున్నారన్నమాట. 8 జీబీతో, హార్డ్ డిస్క్‌తో మీ ఇంట్లో జరిగేది ఎక్కువగా ఇదేనని నా అనుమానం. ఇప్పటి పెద్ద గేములు చాలావరకు 16 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ అడుగుతున్నాయి.

ఇక విండోస్ సంగతి. పెళ్ళి పెత్తనమంతా దానిదే. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. కంప్యూటర్ ఆగిపోదు, కంగారుపడకండి. కానీ భద్రతలో కొత్తగా బయటపడే కన్నాలు మామూలుగా పూడ్చేవాళ్ళుండరు. విండోస్ 11కి ఇంటెల్‌లో మామూలుగా ఎనిమిదో తరం లేదా ఆ తరవాతి ప్రాసెసరూ, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటూ ఉండాలి. సెక్యూర్ బూట్ కూడా అడుగుతారు. పెత్తందారు రాకముందే వంటింట్లోకి ఎవడూ దూరలేదని పొద్దున్నే చూసుకోవడమే అది. ఆటల్లో మోసం చేసే ప్రోగ్రాములు కొన్ని సరిగ్గా అలాగే ముందుగా దూరతాయి. 2025లో వచ్చిన బ్యాటిల్‌ఫీల్డ్ 6 సెక్యూర్ బూట్ లేనిదే ఆడనివ్వదు. దొడ్డిదారిన విండోస్ 11 ఎక్కించే చిట్కాలున్నాయి, వాటి జోలికి వెళ్ళకండి. భద్రత కోసం పెట్టిన తలుపు అది.

ఏడో తరం తీసేసి ఎనిమిదో తరం చిప్ పెడదామంటే కుదరదు. చూడ్డానికి చిప్ కూర్చునే గూడు ఒకేలా ఉంటుంది గానీ, భాగాలన్నీ తగిలించే పాత మదర్‌బోర్డు దాన్ని నడపలేదు. బోర్డూ ప్రాసెసరూ కలిపి మార్చాలి. ఏఎమ్‌డీ కంపెనీ ప్రాసెసర్లకి సరిపోయే ఏఎమ్4 రకం బోర్డు, రైజెన్ 5 5600 ప్రాసెసర్ తీసుకుంటే మీ పాత డీడీఆర్4 రకం ర్యామ్‌నే వాడుకోవచ్చు. దాని తరవాతి ఏఎమ్5 రకం బోర్డయితే డీడీఆర్5 ర్యామ్ కొనాల్సిందే, ర్యామ్ ధరలు ఈమధ్య బాగా పెరిగాయి. ఇంకోటి, 1050 టీఐ చాలావరకు బోర్డు ఇచ్చే 75 వాట్లతోనే నడుస్తుంది. 3060కి 170 వాట్లు కావాలి. కట్టెలు చూసుకోకుండా కుర్రాళ్ళని పెంచకండి.

రే ట్రేసింగ్ అంటే ఏమిటనీ అడిగావు కదా చిట్టితల్లీ. 2024 డిసెంబర్‌లో వచ్చిన ఇండియానా జోన్స్ గేమ్ అది చేయగల కార్డు లేకపోతే తెరుచుకోదు, మీ 1050 టీఐకి ఆ శక్తి లేదు. లెక్కలు చెప్పను గానీ, రేపు పొద్దున ఎండపడే కిటికీ దగ్గర ఇత్తడి పళ్ళెంలో నీళ్ళు పోసి పెట్టు. వేలితో నీళ్ళని కదిపి పైకప్పు చూడు. అలాంటి వెలుగు కిరణాలు ఎక్కడ తగిలి, ఎటు వంగి, ఎక్కడికి చేరాయో లెక్కగట్టడమే రే ట్రేసింగ్, అది చేయగల కార్డు సెకనులో చిన్న ముక్కలో ఆ లెక్క తేలుస్తుంది. నాకిప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

టాస్క్ మేనేజర్‌లో చూసిన అంకెలు కాగితం మీద రాసి పంపండి. పవర్ సప్లైకి అంటించి ఉండే స్టిక్కర్ మీద ఎన్ని వాట్లని ఉందో అది కూడా. స్విచ్ ఆపి, ప్లగ్ తీశాకే కంప్యూటర్ పెట్టె తెరవండి, నాన్న పక్కనుండాలి. ఆ కాగితం వచ్చాక ముందు ఏం కొనాలో ముగ్గురం కలిసి తేలుద్దాం. అప్పటిదాకా డబ్బులు డబ్బాలోనే ఉండనివ్వండి.

ఇట్లు
మీ తాతయ్య